వైద్య పత్రాలు లేవన్న కారణంతో పరీక్షకు గైర్హాజరు కావద్దు: కోనసీమలో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన - తెలుసుకోవలసిన అంశాలు

అమలాపురం: దివ్యాంగ పింఛను పొందుతున్న వారి వైకల్య శాతాన్ని ప్రభుత్వ వైద్యులు మరల పరీక్షించే సందర్భంలో, ఇటీవలి వైద్య పత్రాలు తమ వద్ద లేవన్న సంకోచంతో పరీక్షకు హాజరుకాకపోవడం గాని, అందిన నోటీసుకు సమాధానం ఇవ్వకుండా ఊరకుండడం గాని పింఛనుదారులకు తీరని నష్టం కలిగించగలదు. వైద్యులు నిర్ధారించేది ఆ రోజున వ్యక్తి శరీర స్థితిని, పనిచేయగల శక్తిని. చాలా రకాల వైకల్యాలలో పత్రం లేకపోయినా పరీక్ష సాగుతుంది. కొన్నింటిలో మాత్రం పాత చికిత్స ఆధారం లేకుంటే శాతం తగ్గే అవకాశం ఉన్నది. ఈ తేడాను ముందుగా తెలుసుకుంటే, ఉన్న కొద్దిపాటి వ్యవధిని ఏ కాగితం కోసం వెచ్చించాలో, దేనికోసం వెచ్చించనక్కరలేదో తేలుతుంది. పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల సమాచారార్థం ఆ వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

ఎన్టీఆర్ భరోసా పథకం కింద 2024 జూలై 1 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 3,000 రూపాయల నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత బాధితులకు, తీవ్రమైన కండరాల క్షీణత గలవారికి 15,000 రూపాయలు నిర్ణయమయ్యాయి. మొత్తాలు పెరిగిన దరిమిలా అనర్హులు కూడా జాబితాలలో ఉన్నారన్న ఫిర్యాదులపై 2025 జనవరిలో రాష్ట్రవ్యాప్త పునఃపరిశీలన ఆరంభమైంది. తొలుత 15,000 రూపాయల పింఛనుదారుల ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లాయి. తరువాత 6,000 రూపాయల పింఛనుదారులను ప్రభుత్వ ఆసుపత్రులకు పిలిచి పరీక్షించారు. వైకల్యం 40 శాతం కన్నా తక్కువగా తేలినవారికి 2025 ఆగస్టులో నోటీసులు జారీ అయ్యాయి. వాటిపై అభ్యంతరాలు రావడంతో మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, పట్టణాలలో మునిసిపల్ కమిషనర్‌కు అప్పీలు చేసుకుని మరల పరీక్ష కోరే అవకాశం కల్పించబడింది.

ఒక కుటుంబానికి దీని అర్థమేమిటో లెక్క వేసి చూడవచ్చు. 6,000 రూపాయల పింఛను ఏడాదికి 72,000 రూపాయలు. 60 ఏళ్లు నిండిన వ్యక్తికి వైకల్య శాతం తగ్గి, ఇతర అర్హతలు ఉండి వృద్ధాప్య పింఛనుకు మారితే నెలకు 4,000 వస్తుంది. అంటే ఏడాదికి 24,000 తరుగుదల. 45 ఏళ్ల వ్యక్తికి ఆ దారి కూడా లేదు. 15,000 నుంచి 6,000కు మారిన ఇంట ఏడాదికి 1,08,000 రూపాయలు తగ్గుతుంది. ఆ ఇంట్లో రోగిని కనిపెట్టుకుని ఉండడానికి ఒకరు పని మానుకుని ఉండడం సాధారణం.

కోనసీమలో పత్రాలు ఎందుకు ఉండవు?

పత్రాలు లేకపోవడాన్ని అలక్ష్యంగానో అనుమానాస్పదంగానో చూడడం ఈ ప్రాంత పరిస్థితులకు తగదు. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో భాగం. జిల్లా కేంద్రం కాకినాడ. పెద్ద చికిత్స అంటే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో, రాజమహేంద్రవరానికో వెళ్లేవారు. ఆనాటి రికార్డు ఏదైనా మిగిలి ఉంటే అది నేటి జిల్లా పొలిమేరకు ఆవలనే ఉంటుంది. కొబ్బరి దింపు కార్మికులు చెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న సందర్భాలలో మొదటి కొద్ది నెలలు మాత్రమే ఆసుపత్రికి తిరుగుతారు. ఇక మెరుగు లేదని వైద్యులు చెప్పిన తరువాత ఏళ్ల తరబడి ఇంటి వద్దనే ఉండిపోతారు. మెరుగుపడని స్థితికి కొత్త చీటీ ఎక్కడి నుంచి వస్తుంది? రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లి అక్కడ ప్రమాదానికి గురై తిరిగివచ్చిన వారి చికిత్స పత్రాలు అక్కడి భాషలో, అక్కడి ఆసుపత్రులలోనే ఉండిపోతాయి.

వరదల సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న లంక గ్రామాలలో 1986 ఆగస్టు, 2022 జూలై గోదావరి వరదలు ఇళ్లలోకి చేరాయి. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను అతలాకుతలం చేసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఈ తీరానికి చేరువలోనే భూమిని తాకింది. ట్రంకు పెట్టెలో దాచిన కాగితాలు ఇలాంటి సమయాలలో ముందుగా పాడవుతాయి. ఇక పోలియో సోకి ఇప్పుడు నడివయసులో ఉన్నవారికి బాల్యం నాటి పత్రాలు ఉండాలని ఆశించడమే సమంజసం కాదు.

చట్టం చెప్పేది

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉండగా ఇందులో 21 రకాలకు గుర్తింపు లభించింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉంటే ప్రామాణిక వైకల్యంగా పరిగణిస్తారు. ధ్రువీకరణ అధికారులను 57వ సెక్షన్ కింద ప్రభుత్వం నియమిస్తుంది. వారి నిర్ణయంపై అప్పీలు హక్కును 59వ సెక్షన్ కల్పించింది. 2017 నాటి నియమావళి ప్రకారం, కాలక్రమంలో మార్పు వచ్చే అవకాశం లేని స్థితికి శాశ్వత ధ్రువపత్రం, మార్పుకు అవకాశమున్న స్థితికి గడువు సూచించే తాత్కాలిక ధ్రువపత్రం ఇవ్వాలి. ధ్రువపత్రానికి అర్హత లేదని తేల్చినప్పుడు కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

శరీరంలో మార్పు లేకపోయినా శాతం మారడం సాధ్యమేనన్నది చాలామంది గమనించని విషయం. ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతంలో సదరం శిబిరాలు ఆరంభమైనప్పుడు కొలతలకు 2001 నాటి మార్గదర్శకాలు ఆధారం. 2018 జనవరిలో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. 2024 మార్చిలో అవి మరల సవరించబడ్డాయి. అందువలన పాత ధ్రువపత్రంలోని శాతానికి, కొత్త శాతానికి తేడా కనిపించినంత మాత్రాన పాతది బోగస్ అని గాని, కొత్తది తప్పని గాని వెంటనే తీర్మానించడం తొందరపాటు అవుతుంది. ఏ మార్గదర్శకం కింద, ఏ పరీక్ష చేసి శాతం నిర్ణయించారో అడగడమే సరైన ప్రశ్న.

ఏ వైకల్యానికి ఏ ఆధారం

కాలు, చేయి కోల్పోయిన వారికి, పోలియో వలన అవయవం సన్నబడిన వారికి పాత పత్రాలతో పెద్దగా పనిలేదు. కీలు ఎంత మేరకు కదులుతున్నది, కండరానికి ఎంత బలమున్నది అన్నది ఎముకల వైద్యుడు స్వయంగా చూసి నిర్ణయిస్తారు. పక్షవాతం, వెన్నుపాము దెబ్బ వంటి నరాల సంబంధమైన స్థితులలో కొలిచేది వ్యాధిని కాదు, అది మిగిల్చిన లోపాన్ని. వ్యాధి ఆరంభమైన 6 నెలల తరువాతనే ఈ కొలత జరగాలన్నది మార్గదర్శకాల నిబంధన. కనుక పాత స్కానింగు లేకపోయినా, పక్షవాతం వచ్చిన నెల, సంవత్సరం తెలిపే ఒక్క చీటీ ఉంటే అది ఉపయోగపడుతుంది.

చూపు విషయంలో కొలత పూర్తిగా ఆ రోజు పరీక్షపైనే ఆధారపడుతుంది. కళ్లద్దాలతో సరిదిద్దిన తరువాత మిగిలే చూపునే లెక్కలోకి తీసుకుంటారు. అద్దాలు ఇంట్లో వదిలి వస్తే శాతం పెరుగుతుందన్న ప్రచారంలో నిజం లేదు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవ కన్ను బాగుంటే మార్గదర్శకాల ప్రకారం వచ్చేది 30 శాతం మాత్రమే. ఒంటికన్ను వారు నోటీసులు చూసి దిగ్భ్రాంతి చెందడానికి కారణం ఇదే. అయితే అదే వ్యక్తికి కాలిలో 20 శాతం లోపం కూడా ఉంటే రెంటినీ కలిపి లెక్కించే సూత్రం ఉన్నది. పెద్ద శాతానికి, చిన్న శాతాన్ని 90లో మిగిలిన భాగంతో హెచ్చించి 90తో భాగించగా వచ్చిన దానిని కలుపుతారు. ఈ ఉదాహరణలో 30కి 13 చేరి 43 శాతం దాటుతుంది. రెండవ లోపం ఉన్నదని వైద్యునికి చెప్పకపోతే, ఒక్క కంటి విభాగంలో పరీక్షతోనే 30 శాతం వద్ద విషయం ముగిసిపోతుంది. ఒకటికి మించి లోపాలున్నవారు ప్రతి విభాగంలోనూ పరీక్ష జరగాలని ముందే కోరవలెను.

వినికిడికి రెండు చెవులలోనూ 60 డెసిబెల్స్, అంతకు మించిన లోపం ఉండాలి. దీనికి ఆడియోమెట్రీ పరీక్ష తప్పదు. వ్యక్తి సహకారం లేక ఫలితం అనుమానంగా ఉన్నచోట బెరా పరీక్ష చేయించవలసి వస్తుంది. చిన్ననాటి నుంచి చెవుడు, మూగ ఉన్నవారికి సైగలు తెలిసిన వ్యక్తి తోడు లేకపోతే, సూచనలు అర్థం కాక పరీక్ష ఫలితమే తారుమారవుతుంది.

పత్రాలు లేకపోవడం నిజంగా నష్టం కలిగించేది మానసిక రుగ్మతల విషయంలోనే. ఐడియాస్ అనే కొలమానంలో స్వీయ సంరక్షణ, ఇతరులతో సంబంధాలు, సంభాషణ - అవగాహన, పని అనే నాలుగు అంశాలతో పాటు వ్యాధి ఎన్నేళ్లుగా ఉన్నదన్నది కూడా అంకెలలోకి వస్తుంది. పదేళ్లకు పైగా రుగ్మత ఉన్నట్లు చూపగలిగితే ఆ ఒక్క అంశానికే అత్యధిక అంకె లభిస్తుంది. మందులతో ఆ రోజు నెమ్మదిగా కూర్చున్న వ్యక్తిని చూసి గతాన్ని ఊహించడం ఏ వైద్యునికైనా కష్టమే. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ వ్యాధులలోనూ ప్రయోగశాల నివేదిక లేనిదే నిర్ధారణ జరగదు. వ్యవధి తక్కువగా ఉంటే పత్రాల అన్వేషణకు ఈ వర్గాల కుటుంబాలకే మొదట సాయపడవలసి ఉన్నది.

పాత ఆధారాలు దొరికే చోట్లు

ముందుగా వెదకవలసినది పాత సదరం ధ్రువపత్రం. అది పోయినా ఆ సంఖ్య పింఛను వివరాలలో నమోదై ఉండవచ్చును గనుక గ్రామ, వార్డు సచివాలయంగా ప్రజలెరిగిన కార్యాలయంలో విచారించవచ్చును. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, కింద శస్త్రచికిత్స జరిగి ఉంటే ఆ వివరాలు ఆసుపత్రితో పాటు ట్రస్టు వద్ద కూడా నమోదై ఉంటాయి. రోడ్డు ప్రమాద బాధితులకు ప్రథమ సమాచార నివేదిక, గాయ ధ్రువపత్రం పోలీసు స్టేషన్ నుంచి లేదా కోర్టు నుంచి లభించే వీలున్నది. పిల్లలైతే భవిత కేంద్రంలోని నమోదులు, పెద్దలైతే ట్రైసైకిలు, వినికిడి యంత్రం పొందినప్పటి మంజూరు పత్రం, ఆర్టీసీ, రైల్వే రాయితీ కోసం ఇచ్చిన ధ్రువపత్రం వంటివి వైకల్యం ఫలానా ఏడాదికే ఉన్నదని చెప్పగల సాక్ష్యాలు. మందుల దుకాణం బిల్లులు కూడా పారవేయదగినవి కావు. మానసిక రుగ్మతల విషయంలో అవే కొన్నిసార్లు మిగిలిన ఏకైక వరుస.

వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002 నాటి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను చికిత్స ఆరంభమైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గాని, అధీకృత వ్యక్తి గాని అడిగినప్పుడు 72 గంటలలో ప్రతులు ఇవ్వాలి. మూడేళ్లు దాటిన రికార్డు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. లేదన్న సమాధానాన్ని లిఖితపూర్వకంగా తీసుకోవడం మేలు. తాను వెదకినట్లు అదే రుజువు. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా కోరవచ్చు గాని, దానికి 30 రోజుల గడువు ఉన్నందున పరీక్ష తేదీ దగ్గరపడినవారికి అది అక్కరకు రాదు.

ఏమీ దొరకనివారు తెల్ల కాగితంపై ఒక పుట మించకుండా వివరం రాసుకోవలెను. లోపం ఏ ఏడాది ఏ కారణంగా వచ్చింది, ఎక్కడెక్కడ చికిత్స జరిగింది, ఇప్పుడు ఏ పని తనంత తాను చేసుకోలేరు అన్నవి ఉంటే చాలు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, అంగన్‌వాడీ కార్యకర్త తమకు తెలిసిన విషయాన్ని అందులో ధ్రువీకరిస్తే అది వైద్య ఆధారం కాజాలదు గాని, వైద్యుడు సరైన ప్రశ్న అడగడానికి దారి చూపుతుంది. వ్యవధి ఉంటే సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో సంబంధిత విభాగానికి ఒకసారి వెళ్లి చూపించుకుని ఓపీ చీటీ భద్రపరచుకోవడం అన్నిటికన్నా సులువైన మార్గం.

ప్రైవేటు వైద్యుని చికిత్స చీటీ సహాయక ఆధారమే. ఆయన ఇచ్చే వైకల్య శాతం మాత్రం పింఛనుకు చెల్లదు. శాతం పెంచి ఇప్పిస్తామనే దళారుల మాట నమ్మి డబ్బు చెల్లించినవారు డబ్బుతో పాటు పింఛనును కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది. దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసపూరితంగా పొందడం 91వ సెక్షన్ కింద 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించదగిన నేరం.

పరీక్ష రోజు, ఆ తరువాత

అద్దాలు, వినికిడి యంత్రం, కృత్రిమ కాలు, ఊతకర్రలు వాడేవారు వాటితోనే రావాలి. రోజూ వేసుకునే మందులు మానవద్దు. ఇంట్లో దగ్గరుండి చూసుకునే వ్యక్తి వెంట ఉండాలి. దూరపు బంధువు కన్నా రోజూ స్నానం చేయించే తల్లి చెప్పే మాటకు విలువ ఎక్కువ. సిగ్గుపడి చేయగలనని చెప్పడం, భయపడి ఏదీ చేయలేనని చెప్పడం రెండూ నష్టదాయకమే. రైలు సౌకర్యం లేని అమలాపురానికి లంక గ్రామాల నుంచి పడవ, ఆటో, బస్సు మారి చేరుకోవలసినవారు తమకు ఇచ్చిన సమయానికి రాలేకపోతే ఆ రోజే కారణం రాసి ఇచ్చి మరో తేదీ కోరవలెను. మంచం దిగలేనివారి తరఫున ఇంటి వద్ద పరీక్ష కోసం లిఖితపూర్వకంగా అభ్యర్థించి రసీదు పొందాలి.

నోటీసు అందినంత మాత్రాన పింఛను రద్దయినట్లు కాదు. నోటీసుపై ఉన్న తేదీ, అది చేతికి అందిన తేదీ రెండూ రాసి ఉంచుకుని, అందులో సూచించిన గడువులోగా అప్పీలు దాఖలు చేయాలి. నోటీసు, పాత, కొత్త ధ్రువపత్రాలు, ఆధార్ ప్రతులు జతపరచి, ఏ లోపాన్ని పరీక్షించలేదో లేదా ఏ ఆధారాన్ని చూడలేదో రెండు మూడు వాక్యాలలో స్పష్టంగా రాస్తే చాలు. పేదరికాన్ని వర్ణిస్తూ నాలుగు పుటలు రాసిన అర్జీ వైద్యునికి ఉపకరించదు. రసీదు లేకుండా అప్పీలు ఇచ్చి రావద్దు. అర్జీ స్వీకరించే సిబ్బంది అడగకముందే రసీదు ఇస్తే, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే అర్జీలు కొంతైనా తగ్గుతాయి. నోటీసులో శాతం మాత్రమే ఉండి కారణం లేకుంటే, ఆ కారణాన్ని లిఖితపూర్వకంగా కోరే హక్కు పింఛనుదారుకు ఉన్నది. 60 ఏళ్లు దాటినవారు, వితంతువులు అప్పీలుతో పాటు, అది నిలవని పక్షంలో తమకు వర్తించే మరో పింఛనుకు మార్పిడిని కూడా కోరవచ్చును.

వార్తలు రాసేటప్పుడు పాత్రికేయులు నోటీసు, నిలుపుదల, మార్పిడి, రద్దు అనే నాలుగు మాటలను విడివిడిగా వాడవలసి ఉన్నది. ఇవన్నీ ఒకటిగా రాసిన శీర్షిక చూసి, పింఛను పోయిందనుకుని అప్పీలు మానుకునేవారు ఉంటారు. మానసిక చికిత్స పొందుతున్న వ్యక్తి ఛాయాచిత్రాన్ని, వివరాలను వారి సమ్మతి లేకుండా ప్రచురించడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 24వ సెక్షన్ నిషేధిస్తున్నది. ఇతర దివ్యాంగుల విషయంలోనూ ధ్రువపత్రం ఫోటోను సంఖ్యతో సహా ముద్రించడం తగదు.

గోదావరికి వరద వచ్చే జూలై, సెప్టెంబరు మాసాల మధ్య పి.గన్నవరం, ముమ్మిడివరం, ఐ.పోలవరం మండలాల లంక గ్రామాల వారికి పరీక్ష తేదీలు ఇవ్వవలసి వస్తే, రేవులలో పడవలు తిరిగే స్థితిని మండల అధికారులతో సరిచూసుకున్న తరువాతనే తేదీలు ఖరారు చేయవలసి ఉంటుంది. వరద కారణంగా రాలేకపోయిన వారి జాబితాను ఆ గ్రామ సిబ్బంది అదే వారంలో ఆసుపత్రికి పంపినట్లయితే వారిని గైర్హాజరీ కింద నమోదు చేయవలసిన అవసరం రాదు.